కుడికాలెత్తిన శివుడు

ఉదయం ఏడూ ఇరవైకి పాలు పొంగి స్టవ్వంతా పారాయి. ఆ సమయానికి నేను ముందుగదిలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను. అవతల మత్తూరు నుంచి మా మరిది. పొద్దున్నే, మనిషి ఇంకా కాఫీ తాగకముందే అడిగితే ఏ పనైనా అవుతుందని అతని నమ్మకం. మామిడికాయల బేరం కూడా ఆ వేళకే మాట్లాడతాడు.

"వదినా, అన్నకు రాయి చెప్పేసినాను," అన్నాడు.

"ఏం రాయప్పా?"

"క్రిష్ణగిరిలో. నల్లరాయి. పాలిష్ పట్టినాక మొహం చూసుకోవచ్చు. దాని మీద నటరాజస్వామిని చెక్కిస్తా ఉండాను."

"ఊరికే పేరొక్కటి ఉంటే చాలని చెప్పినాను కదప్పా."

"ఒట్టి రాయి ఎట్లా పెట్టేది వదినా? సర్వే రాయి అనుకుంటారు జనం. రేపు ఎవడన్నా టేపు పట్టుకోని వచ్చి ఈడనుంచి కొలుస్తాడు."

నాకు నవ్వు వచ్చింది. దానితోపాటే వంటింట్లోంచి మాడు వాసన కూడా వచ్చింది.

మా అత్తవారి వైపు దహనం లేదు. సొంత పొలంలోనే పూడుస్తారు. ఏడాది తిరిగేలోపల తల దగ్గర ఒక రాయి నిలబెడతారు. మత్తూరు దగ్గర మామిడితోపులో మామగారి రాయి ఉంది, ఆయన తండ్రి రాయి ఉంది. రెండూ ఆ పొలంలోనే దొరికినవి, ఉలి తగలనివి. పండుగనాడు పసుపు పూసి బొట్టు పెడితే ఏది ఎవరిదో తెలుస్తుంది. మిగతా రోజుల్లో అవి రాళ్ళు, అంతే.

మా ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయనకూ అలాంటి రాయే చాలు, మరీ కావాలంటే పేరు చెక్కించండి అని నేను ముందే చెప్పి ఉన్నాను. నా ఉద్యోగమంతా హోసూరులో ఒక కాలేజీ లైబ్రరీలో గడిచింది. పోయినవాళ్ళ గురించి రాసిన పుస్తకాలు చాలా చదివాను. వాటిలో పొగడ్త పెరిగినకొద్దీ మనిషి కనబడకుండా పోవడం గమనించాను. రాయి విషయంలోనూ నా భయం అదే.

"అన్నకు నటరాజస్వామి అంటే ప్రాణం కదా వదినా," అన్నాడు మరిది, కొంచెం గొంతు తగ్గించి. "ఆ స్వామిని చూసేదానికి ఎన్ని ఊర్లు తిరిగినాడు! బాదామి యాడ, బొంబాయి యాడ! అంత భక్తి మా వంశంలో ఎవురికీ లేదు."

"తోపుకు తీసుకుపోయే ముందు నేను వచ్చి చూస్తాను. నాకు సరిపోకుంటే వద్దంటాను," అని మాత్రం చెప్పాను. అతను సరేనన్నాడు. ఆ సరేలో, అంత మంచి రాయిని ఎవరైనా వద్దంటారా అన్న ధీమా ఉంది.

భక్తి సంగతి చెప్పాలి. మా ఆయన ఏ గుహాలయంలోనూ చేతులు జోడించగా నేను చూడలేదు. ఒంటికాలి మీద నిలబడగా చూశాను.

గుళ్ళ పిచ్చి నిజానికి నాది. కట్టిన గుడికన్నా కొండను తొలిచిన గుడి నాకు ఇష్టం. కట్టే గుడికి ఎంతకాలమైనా చేర్చుకుంటూ పోవచ్చు. ఇంకో మండపం, ఇంకో ప్రాకారం, దాని మీద రంగులు. కొండను తొలిచేవాడు తీసేయగలడే తప్ప చేర్చలేడు. ఒక చెయ్యి పొట్టిగా వచ్చిందంటే అది పొట్టి చెయ్యే. అందులోనూ ఆడుతున్న దేవుణ్ణి చెక్కడమంటే, కదిలేవాణ్ణి కదలని కొండలోంచి బయటికి తీయడం. అది ఎలా చేశారో చూడాలని నాకుండేది.

మా ఆయన హోసూరులో బండ్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, టూల్‌రూములో పనిచేశాడు. ఇనుములోంచి అక్కర్లేనిది తీసేయడమే ఆయన పని కూడా. కాబట్టి శిల్పాలు నచ్చుతాయని నేను అనుకున్నాను. నచ్చలేదు. ఆయనకు నచ్చేది కారు నడపడం. అందుకోసమే మొదటిసారి బయల్దేరాడు.

ఆ మొదటిసారి వెళ్ళింది వందవాసి వైపు ఒక చిన్న ఊరికి. మత్తూరులో మరిది ఇంట్లో టిఫిన్ తిని, ఊత్తంగరై, తిరువణ్ణామలై మీదుగా పోయాం. పొలాల మధ్య ఒక బండ, ఆ బండలో తొలిచిన గుహ, లోపల లింగం, ముందు స్తంభాలు. నేను దారిపొడుగునా చెప్పుకొచ్చిన ఆడే శివుడి కోసం ఆయన గోడలన్నీ వెతికాడు. నేను పైకి వేలు చూపించాను. స్తంభం పైభాగంలో చిన్న శివుడు, కాలెత్తి ఆడుతున్నాడు. కాలి దగ్గర ఒక పాము. మెడ వెనక్కి వాల్చి చూస్తేగాని కనబడడు.

"ఇంతేనా?" అన్నాడు మా ఆయన. "ఇంటి గూట్లో పెట్టుకునే అంత ఉండాడు. దీనికా పొద్దున్నే లేపినావు?"

"ఇంతే. ఈ పక్క రాతిలో ఉన్నవాటిల్లో ఇదే పాతదంటారు."

ఆయన కాసేపు చూశాడు. "ఈ మనిషి పడిపోతాడు," అన్నాడు.

"పడడు."

"నడుము ఒక పక్కకు పోయింది, కాలు ఇంకో పక్కకు పోయింది. బరువు యాడ నిలిచేది? పడతాడు."

"చేతులు చూడప్పా. తూకం ఆడ ఉంది."

"నాలుగు చేతులుంటే నేనూ నిలబడతాను. ఉండు, రెండింటితో అయ్యే పనేనా చూస్తాం."

చెప్పులు ఎలాగూ బయటే విడిచాం. ఆయన ప్యాంటు మోకాళ్ళ దగ్గర కొంచెం పైకి లాక్కుని, ఒక చెయ్యి అడ్డంగా చాచి, కుడికాలు ఎత్తాడు. రెండో చెయ్యి కాసేపు గాలిలో వెతికి నా భుజం పట్టుకుంది. ఆయనది చిన్న శరీరం కాదు. గుడి తాళాలు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డ పూజారి కంగారుపడి, కాలు పట్టేసిందా సార్, నూనె తెమ్మంటారా అని తమిళంలో అడిగాడు. మా ఆయన ఆ భంగిమలోనే ఉండి, వద్దు స్వామీ, మీ దేవుడు పడతాడా పడడా అని చూస్తున్నానని తమిళంలోనే జవాబు చెప్పాడు. పూజారి ఇంకేం అడగలేదు. బయటికి వచ్చాక నాతో మాత్రం, సార్ ఉద్యోగం ఎక్కడ అని నెమ్మదిగా విచారించాడు.

తిరుగు ప్రయాణంలో తిరువణ్ణామలై దాటాక, "తూకం చేతుల్లో లేదు. నడుములో ఉండాది. ఇంకోటి యాడుంది ఇట్లాంటిది?" అన్నాడు.

అట్లా మొదలైంది.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఎప్పుడో రాయకోట రోడ్డులో స్కూటర్ మీదనుంచి పడి ఆయన కుడి మోకాలు దెబ్బతింది. ఆ కాలు ఒంటి బరువు మోయదు. అందువల్ల ఏ గుహలో శివుడు ఏ కాలు ఎత్తాడన్నదానితో నిమిత్తం లేదు, మా ఆయన ఎత్తేది కుడికాలే. శివుడు ఎడమకాలు ఎత్తినచోట, నీ కాలు మారిందని నేను అనేదాన్ని.

"ఎదురుగా నిలబడి చూస్తా ఉండాను కదా," అనేవాడు. "అద్దంలో చూసుకుంటే నీ కుడిచెయ్యి ఏ పక్కుంటాది? ఇదీ అంతే. కరెక్టుగానే ఉండాను."

టూల్‌రూములో ఇలాంటి సమాధానం ఎవరైనా ఆయనకు చెప్పి ఉంటే, ఆ ముక్కను తీసుకుపోయి తుక్కులో వేసేవాడు.

బాదామిలో శివుడికి పద్దెనిమిది చేతులు. రెండు పక్కలా విసనకర్ర విప్పినట్టు ఉంటాయి. ఆ శివుడు కాలు గాలిలోకి ఎత్తడు, మడమ మాత్రం లేపుతాడు. "ఇది సులభం," అని మా ఆయన చాలా సంతోషపడ్డాడు. తర్వాత చేతుల దగ్గర ఆగిపోయాడు. "నువ్వొచ్చి నా వెనక నిలబడు. నీ చేతులు ఇయ్యి. నాలుగన్నా అవుతాయి." నేను అలాంటి పనులు చేసే మనిషిని కాను. అయినా చుట్టూ ఎవరూ లేరు కదా అని నిలబడ్డాను. మెట్ల దగ్గర బడిపిల్లల గుంపు ఒకటి ఎప్పుడు వచ్చిందో మాకు తెలియదు. వాళ్ళ టీచరు మమ్మల్ని చూపించి కన్నడలో ఏదో చెప్పింది. పిల్లలందరూ ఒక్కసారిగా మడమలు లేపారు. కావలి మనిషి విజిల్ ఊదాడు, ఎవరిని ఆపాలో తెలియక రెండోసారి కూడా ఊదాడు.

అక్కడికి దగ్గర్లోనే ఐహోళెలో, ఒక గుహలో శివుడి పక్కన అమ్మవార్లు కూడా ఆడుతుంటారు. సన్నగా, పొడుగ్గా, తలల మీద ఎత్తైన కిరీటాలతో. కట్టుకున్న గుడ్డల కుచ్చిళ్ళు దువ్వెనతో గీసినట్టు ఉంటాయి. వినాయకుడు కూడా ఉన్నాడు. ఆ రాయి మీద అంతకు మించి నగానట్రా లేదు, నాకు చాలా నచ్చింది. మా ఆయన అందరినీ ఒకసారి చూసి, "ఇంటిల్లిపాదీ ఆడతా ఉండారు, వంట ఎవురు చేస్తారు?" అన్నాడు. ఆరోజు మేమిద్దరం మధ్యాహ్నం భోజనం దొరక్క అరటిపళ్ళతో గడిపాం.

బొంబాయి దగ్గర పడవలో వెళ్ళే దీవిలో గుహ ఒకటుంది. అందులో ఆడే శివుడు మనిషికి రెండింతలు. కాళ్ళు విరిగిపోయాయి. చేతులు చాలావరకు పోయాయి. మిగిలింది నడుము, ఛాతీ, కిందికి వాలిన కళ్ళు. అయినా ఆట ఆగినట్టు లేదు. మా ఆయన చాలాసేపు చూశాడు.

"కాళ్ళు లేవు," అన్నాడు. "ఇప్పుడు నేను ఏ కాలు ఎత్తేది?"

"ఏదీ వద్దు. ఊరికే చూడప్పా."

ఆయన అక్కడే నేల మీద కూర్చుని చూశాడు. నేనూ కూర్చున్నాను. మేము వెళ్ళినవాటిలో ఆయన కాలెత్తనిది ఆ ఒక్క గుహలోనే.

ప్రతి చోటినుంచీ ఆయన శిల్పం ఫోటో ఒకటి తీసి, మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. కింద "దర్శనం" అని ఒకే మాట రాసేవాడు. వెంటనే మత్తూరు నుంచి, ధర్మపురి నుంచి, బెంగళూరు నుంచి జోడించిన చేతుల బొమ్మలు వరసగా వచ్చేవి. ఆయన ఫోన్ నాకు చూపించి, "చూడు, నా పుణ్యం ఎట్లా పెరగతా ఉందో," అనేవాడు. మా మరిది చెప్పే భక్తి అది. ఆయన ఒంటికాలి మీద నిలబడ్డ ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. తీయాల్సిన మనిషి భుజం ఆయన చేతికింద ఉండేది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. దాని గురించి ఇక్కడ ఇంతకన్నా రాయను.

రాయి గురించి ఫోన్ వచ్చిన వారం, సాయంత్రాలు షేర్ ఆటో ఎక్కి కెలవరపల్లి డ్యాం దాకా వెళ్ళేదాన్ని. నీళ్ళ మీద నురుగు కొట్టుకుపోతుంటే చూస్తూ, మరిదికి వద్దని ఎలా చెప్పాలో ఆలోచించేదాన్ని. అతనిది మంచి మనసు. నాది మొండితనమనీ తెలుసు. కానీ ఆ తోపులో నిలబడబోయేది ఒకే రాయి. దాని మీద ప్రతి హోటల్ గల్లాపెట్టె దగ్గరా కనిపించే నటరాజస్వామి ఉంటే, ఇంకో ముప్పై ఏళ్ళకు ఆ ఇంటి పిల్లలు మా ఆయన్ని గొప్ప భక్తుడని చెప్పుకుంటారు. ఆయన ఎవరో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఒట్టి రాయి అయితే కనీసం అబద్ధం చెప్పదు.

రాయి తయారైందని కబురు వచ్చిన రోజు హోసూరులో బస్సెక్కాను. సంవత్సరీకానికి ఇంక వారం కూడా లేదు. శూలగిరి దాటేవరకు చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకున్నాను. తర్వాత పక్కసీటామె నిద్రపోయి నా మీదికి ఒరిగింది. క్రిష్ణగిరి వచ్చేసరికి సగం మరిచిపోయాను.

మరిది బస్టాండులో బైకుతో నిలబడి ఉన్నాడు. ఊరి బయట గ్రానైటు షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ చెట్ల ఆకులు కూడా బూడిదరంగులో ఉన్నాయి. కోత మిషను మోత, నేలంతా రాతిపొడి కలిసిన నీళ్ళు. షెడ్డు యజమాని లావుపాటి మనిషి, నుదుట విభూతి, చెవిలో పెన్సిలు. నన్ను చూడగానే మిషను ఆపించాడు.

"రాండమ్మా, రాండి. ఇట్లాంటి రాయి ఈ జిల్లాలో ఎవురికీ లేదు," అంటూ గోనెసంచి తొలగించి, మగ్గుతో నీళ్ళు పోశాడు.

నల్లరాయి మెరిసింది. మధ్యలో శివుడు. పని శుభ్రంగానే ఉంది, ఒప్పుకోవాలి. ముఖం బాగా కుదిరింది. తర్వాత కాళ్ళు చూశాను. కుడికాలు లేచి ఉంది.

మరిది మాట్లాడుతూనే ఉన్నాడు. ఫోన్ తీసి ఫోటో తీశాడు, పక్కకు జరిగి ఇంకోటి తీశాడు. తర్వాత జేబులోంచి తాను ఇచ్చిన పటం నకలు తీసి, రాయి పక్కన పట్టుకున్నాడు. కొంచెంసేపు అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఏమప్పా ఇది? కాలు మారిపోయింది!"

"ఏ కాలు?" అన్నాడు యజమాని.

"ఎత్తిన కాలు! స్వామి ఎత్తేది ఎడమకాలు కదా. నువ్వు కుడికాలు ఎత్తించినావు. చూడు, డమరుకం కూడా ఆ చేతిలోనుంచి ఈ చేతికి వచ్చేసింది."

జరిగింది ఇది. ఆ షెడ్డులో బొమ్మను పల్చటి కాగితం మీద పెన్సిలుతో ఎత్తుకుంటారు. ఆ పెన్సిలు గీత ఉన్న పక్కను రాయికి ఆనించి రుద్దితే గీత రాయికి అంటుకుంటుంది, దాని మీద ఉలి నడుస్తుంది. అలా ఆనిస్తే బొమ్మలో కుడి ఎడమలు మారిపోతాయి కాబట్టి, ముందే కాగితం వెనకవైపున ఇంకోసారి గీసుకోవాలి. ఈసారి ఆ రెండో గీత గీయడం మరిచారు. యజమాని ఆ మాట ఒప్పుకోవడానికి ముందు ఇంకో దారి ప్రయత్నించాడు.

"అన్నా, ఇది మదురై మోడల్," అన్నాడు.

"ఏం మోడల్?"

"మదురైలో స్వామి కాలు మార్చి ఆడినాడు కదా. ఒకే కాలు మీద నిలబడి నొప్పి పుడతాదని పాండ్యరాజు వేడుకుంటే మార్చినాడు. నిండా విశేషం అది."

"మేము మదురైవాళ్ళమా? మత్తూరువాళ్ళము! మాకు మామూలు స్వామి చాలు. అదో, నీ ఆఫీసులో క్యాలెండరు ఉండాది. చూడు, ఏ కాలు ఎత్తినాడు?"

యజమాని వెనక్కి తిరిగి చూశాడు. "అది చిదంబరం మోడల్," అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. మరిదికి మాత్రం నవ్వు రాలేదు. అతని ముఖం చిన్నబోయింది. "పెద్దత్త వస్తాది వదినా," అన్నాడు నాతో, మామగారి అక్కను తలచుకుని. "ఆమెకు కండ్లు సరిగ్గా కనపడవు, తప్పులు మటుకు కనపడతాయి. అన్న రాయి మీద స్వామి తిరగబడినాడని ఊరంతా చెప్తాది. దీన్నెట్లా పెట్టేది?"

యజమాని కూడా తగ్గాడు. ఈ బొమ్మను అరగదీసి మళ్ళీ చెక్కాలంటే సంవత్సరీకం లోపల అయ్యే పని కాదన్నాడు. "అదో, ఆడ ఒట్టి రాయి ఉండాది. ఇదే సైజు. పాలిష్ కూడా అయిపోయింది. అమ్మ ఒప్పుకుంటే పేరొక్కటి సాయంత్రానికల్లా కొట్టించి ఇచ్చేస్తాను," అన్నాడు.

గోడకు ఆనించి ఉంది ఆ రాయి. ఏమీ లేని రాయి. నేను అడిగింది అదే.

"నువ్వు చెప్పినట్లే అయింది వదినా," అన్నాడు మరిది. "ఒట్టి రాయే పెడదాము. పోనీలే."

సరే అంటే అయిపోయేది. బస్సులో పేర్చుకున్న ఒక్క మాటా వాడకుండానే నా పని జరిగిపోయేది. నేను నోరు తెరిచేలోపల మరిది మళ్ళీ ఆ బొమ్మ ముందుకు పోయాడు. వదులుకోలేకపోతున్నాడు. రాయికి ఎదురుగా నిలబడి, పటం జేబులో పెట్టుకుని, పంచె కొంచెం ఎత్తి పట్టుకుని ఎడమకాలు లేపాడు.

"ఇదో వదినా, నేను ఎడమకాలు ఎత్తినాను. రాతిలో కూడా ఈ పక్క కాలే లేచి ఉండాది. ఎదురుగా నిలబడి చూసేవాళ్ళకు సరిగ్గానే ఉన్నట్టు కదా? అద్దంలో చూసినట్టు అనుకుంటే తప్పేమీ..."

అంతలో కింది కాలు రాతినీళ్ళలో జారింది. చెయ్యి గాలిలో వెతికి నా భుజం పట్టుకుంది.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే రకం శరీరం. చేతులు కూడా పెద్దవి. ఏడాదిగా నా భుజం మీద ఎవరూ బరువు వేయలేదు. నేను కదలకుండా నిలబడ్డాను. అతను కాలు కింద పెట్టి, "పడుంటిని వదినా," అని చెయ్యి తీసేశాడు.

"ఇదే ఉండనీ," అన్నాను.

"ఏది?"

"ఈ బొమ్మ ఉన్న రాయే."

"తప్పు కదా వదినా ఇది!"

"మీ అన్న కూడా ఇట్లే నిలబడతా ఉండె. కుడికాలు ఎత్తి, నా భుజం పట్టుకొని. నువ్వు చెప్పిన ఆ అద్దం మాటే చెప్తా ఉండె."

మరిదికి అర్థం కాలేదు. వందవాసి గుహతో మొదలుపెట్టి అన్నీ చెప్పాను. పూజారి నూనె, బాదామి పిల్లలు, వంట ఎవరు చేస్తారన్న మాట. యజమాని కూడా చెవిలో పెన్సిలు తీసి చేతిలో పట్టుకుని విన్నాడు.

"అన్ననా?" అన్నాడు మరిది. "గుళ్ళోనా? ఒంటికాలి మీదనా?"

"ప్రతి గుళ్ళో. బొంబాయిలో తప్ప."

"మరి ఆ దర్శనం అని పంపించినవి?"

"కాలు కింద పెట్టినాక పంపిస్తా ఉండె."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఆ షెడ్డులో ఒక రాతిదిమ్మె మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. "నేను ఒక్కోదానికీ దండం పెట్టినాను వదినా! ఇంట్లో పిల్లోళ్ళ చేత కూడా పెట్టించినాను! ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదప్పా."

"నేను చెప్పలా?" అన్నాడు యజమాని. "మదురై మోడల్."

అప్పుడతను ఇంకో సంగతి చెప్పాడు. చుట్టూ మంటల వలయం, కింద తామరపూలు, అంచున తీగ ఇంకా చెక్కాలి, అవి రేపటికి అవుతాయి అన్నాడు. అవేవీ వద్దన్నాను. గుహల్లో శివుడి చుట్టూ మంటలు ఉండవని, బండ ఎక్కడ ఆగితే అక్కడే ఆయన ఆగుతాడని చెప్పాను. యజమానికి ఇది నచ్చలేదు. బోసిగా ఉంటుందన్నాడు. మరిది నా వైపు చూసి, "మా వదినది ఒట్టి రాయి మోడల్. ఆమె చెప్పినట్లే వదిలెయ్యప్పా," అన్నాడు.

సంవత్సరీకం రోజు రాయి నిలబెట్టాం. మామగారి రాయి, ఆయన తండ్రి రాయి పక్కన అది కొంచెం కొత్త చొక్కా వేసుకున్నవాడిలా కనబడింది. వానలు పడితే సర్దుకుంటుంది. పెద్దత్త దగ్గరికి పోయి చేత్తో తడిమి చూసింది.

"కాలు మారిందే," అంది.

"మదురై మోడల్ అత్తా," అన్నాడు మరిది గర్వంగా.

"మీ అన్న మదురైకి ఎప్పుడు పోయినాడురా?"

"పోలేదత్తా. మదురైయే ఈడికి వచ్చింది."

ఆమె ఒక క్షణం అతని ముఖంలోకి చూసి, పసుపు ఇటివ్వమని చెయ్యి చాచింది.

పోయిన నెల మళ్ళీ వందవాసి వైపు వెళ్ళాను. ఈసారి బస్సులు మారుతూ పోవాల్సి వచ్చింది, పగలంతా పట్టింది. పూజారి నన్ను గుర్తుపట్టాడు. సార్ రాలేదా అని అడిగాడు. లేరని చెప్పాను. అతను తాళం తీసి లోపల దీపం వెలిగించాడు. మెడ వెనక్కి వాల్చి స్తంభం పైన చూశాను. శివుడు పడలేదు. తూకం నడుములో ఉందన్న మాట నిజమే అనిపించింది.

ఇకముందు కూడా వెళ్తాను. చూడనివి ఇంకా ఉన్నాయి, మరిది కూడా వస్తానంటున్నాడు. మా ఇంటివాళ్ళ గ్రూపులో ఫోటో పెడుతున్నాను, కింద "దర్శనం" అనే రాస్తున్నాను. ఒంటికాలి మీద నిలబడటం మాత్రం ఇప్పుడు లేదు.